రాకెట్ దిగాక చెబుతానన్నాను

నడిసముద్రంలో బార్జి అనే చదును ఓడ మీద రాకెట్టు కింది ముక్క, బూస్టరు, దిగింది. దాని నాలుగు కాళ్లలో ఒకటి మా బావ వేసిన అతుకుకి జానెడు దూరంలో ఆనింది. ఆ అతుకు మా బావ వేశాడని సింగపూరులో ఏ కాగితమూ చెప్పదు. కాగితాల్లో ఉన్నది నా నంబరు. ఈ మాట బయటపెట్టడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది, అదీ ఇక్కడ, ఈ తెలుగు రాతలో, ఎవరూ నన్ను నిలదీయలేని చోట. నేను ధైర్యవంతుణ్ణి కాదని ముందే చెప్పేస్తున్నాను, తరవాత ఆశ్చర్యపోకండి.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. సింగపూరు టువాస్‌లో ఓడలు బాగుచేసే యార్డుకి వెల్డరుగా వచ్చి పద్నాలుగేళ్లు దాటింది. మొదటి తొమ్మిదేళ్లు ఎండలో కాలిన ప్లేట్ల మీద బోర్లా పడుకుని పనిచేశాను. మోకాళ్లు అరిగాయి, కళ్లు మండటం మొదలైంది, ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చాయి, సూపర్‌వైజర్ని చేశారు. హెల్మెట్టు రంగు మారింది. మారిన రోజున సెల్ఫీ తీసుకుని ఊళ్లో అందరికీ పంపాను. ఇదెందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పనికి భయమే కారణమని చెప్పి తప్పించుకోవచ్చు. భయం సగమే. మిగతా సగం ఆ హెల్మెట్టు.

మా బావ అంటే మా అక్క భర్త. నాకు వెల్డింగ్ హోల్డరు పట్టుకోవడం నేర్పింది ఆయనే. మా ఊరి సెంటర్లో గేట్లు, గ్రిల్లులు చేసే కొట్లో ఆయన పెద్ద పనివాడు. నేను పది తప్పి ఖాళీగా తిరుగుతుంటే చెవి పట్టుకుని తీసుకుపోయి వెల్డింగ్ అద్దం చేతికిచ్చాడు. "ఊపిరి బిగబట్టి లాగాల. సెయ్యి వొణికిందంటే ఇనుముకి తెలిసిపోతాది," అనేవాడు. తీరా సింగపూరు నేను ముందొచ్చాను. ఆయన పదేళ్ల తరవాత నా సిఫారసు మీద వచ్చి నా కిందే పనికి చేరాడు.

"ఏరా బావమరిదీ, ఇప్పుడు నిన్ను సారనాలేటి?" అన్నాడు మొదటి రోజే, డార్మిటరీ మెట్ల మీద పెట్టె దించుతూ.

"నీ ఇష్టం బావా. అంటే నాకేటి అభ్యంతరం?"

అన్నాడు కూడా. నలుగురిలో ఉన్నప్పుడు "సారూ, రాడ్లు అయిపోనాయి సారూ" అని మూతి బిగించి నవ్వేవాడు. నాకు లోపల హాయిగానే ఉండేది. నాకు పని నేర్పినవాడు నన్ను సారంటుంటే ఎవడికి హాయిగా ఉండదు?

ఆ బార్జి మా యార్డుకి తుప్పు పట్టి వచ్చింది. ఎక్కడో విదేశంలో రాకెట్లు పంపే కంపెనీ ఒకటి దాన్ని కొంది. డెక్కు వెడల్పు చాలదట, రెండు పక్కలా రెక్కలు అతకాలి. మా మేనేజరు చైనీస్ పెద్దాయన, అందరం బాస్ అంటాం. పొద్దున్నే పని మొదలెట్టేముందు జరిగే మీటింగులో అందర్నీ నిలబెట్టి, మాట చివర ఇక్కడి అలవాటు ప్రకారం 'లా' తగిలించి ఆయన చెప్పాడు. "రాకెట్ గో అప్, శాటిలైట్ త్రో, బాటమ్ పీస్ కమ్ బ్యాక్, ల్యాండ్ హియర్. సో వెల్డింగ్ మస్ట్ బి పర్ఫెక్ట్ లా."

"ఏటంటాడ్రా?" అని మా బావ నా చెవిలో అడిగాడు. చెప్పాను.

"పైకెల్లినోడు మల్లీ కిందకెందుకు దిగుతాడు? మతి పోనాదేటి ఈల్లకి?"

మా వరసలో ఉన్న తెలుగువాళ్లందరూ ఫక్కున నవ్వారు. బాస్ కళ్లెర్ర చేశాడు. కానీ సాయంత్రం లారీలో డార్మ్‌కి వెళ్తుంటే మా బావ నవ్వడం లేదు. "అంతెత్తు నుండి వొచ్చి ఈ రేకు మీద నిలబడతాదంటావా? ఎంత బరువుంటాదేటి?" అని దారంతా నన్ను తినేశాడు. ఖాళీ గొట్టమే బావా, ఆయిలంతా పైనే అయిపోయుంటాది అన్నాను. "గొట్టమైనా, పడేటప్పుడు ఇసురు ఉంటాది కదా," అన్నాడు. ఆ ఆదివారం మనవాళ్లంతా చేరే లిటిల్ ఇండియాలో గడ్డి మీద కూర్చుని పరోటా పొట్లం విప్పి, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఫోనులో రాకెట్లు దిగే వీడియోలు చూశాడు. నిలబడ్డవీ, పక్కకి ఒరిగి పేలిపోయినవీ అన్నీ చూశాడు. అక్కకి ఫోన్ చేసి, "మీ తమ్ముడూ నానూ రాకెట్టుకి అరుగేస్తున్నాం," అని చెప్పాడు.

ఇక్కడ మా పని గురించి ఒక ముక్క చెప్పాలి. యార్డులో ప్రతి వెల్డరుకీ ఒక నంబరుంటుంది. అతుకు వేశాక దాని పక్కనే పంచ్ పెట్టి సుత్తితో ఆ నంబరు కొట్టాలి. తరవాత ఎక్స్‌రే తీస్తారు. లోపల బుడగ ఉన్నా, పగులున్నా ఆ నంబరువాణ్ణి పిలుస్తారు. పదేళ్ల తరవాతైనా ఎవడు వేశాడో ఇనుమే చెప్పాలని ఆ ఏర్పాటు.

అది రూలు. మా అలవాటు వేరు. మందపాటి ప్లేటు అతకాలంటే వేరే టెస్టు పాసవ్వాలి. ఆ టెస్టుకి తేదీ దొరకాలంటే నెలలు పడుతుంది, పని ఆగదు. అందుకని టెస్టు పాసైనవాడు తన పంచ్ ఇస్తాడు, చెయ్యి బాగున్నవాడు వేస్తాడు. నంబరివ్వడం అంటాం దీన్ని. మేమూ, తమిళవాళ్లూ, బంగ్లావాళ్లూ అందరం ఇచ్చుకుంటాం. ఊళ్లో చుట్టానికి సైకిలిచ్చినట్టు ఇస్తాం. పై వాళ్లకి తెలీదా అంటే తెలుసు, చూడనట్టుంటారు. ఏదైనా అయ్యేవరకూ అందులో తప్పుందని ఎవరికీ అనిపించదు.

నా నంబరు నలభై ఏడు. రెక్కల అతుకులు వేయడానికి టెస్టు పాసైనవాళ్లం ఐదుగురమే ఉన్నాం, అందులో నా మోకాళ్లు వంగవు. మా బావకి టెస్టు తేదీ బార్జి వెళ్లిపోయాక ఎప్పుడో ఉంది. చెయ్యి చూస్తే యార్డులోనే అంత చెయ్యి లేదు. నేనే వెళ్లి అడిగాను.

"బావా, ఎడమ రెక్క నువ్వు లాగీ. నా నంబరు కొడదాం."

"ఎక్స్‌రేలో తప్పొస్తే నిన్నంటారు మరి."

"నువ్వేస్తే తప్పెందుకొస్తాది?"

ఆ మాటకి పొంగిపోయాడు పిచ్చి మనిషి. రోజూ పొద్దున్న, ఎవరెక్కడ పనిచేయాలో రాసే పర్మిట్ కాగితంలో ఎడమ రెక్క దగ్గర నా నంబరు రాసేవాణ్ణి, మా బావ పేరు గ్రైండింగ్ షెడ్డులో రాసేవాణ్ణి. ఆయన వెళ్లి రెక్క మీద వంగి కూర్చునేవాడు. రెండు వారాలు అలా సాగింది. ఎక్స్‌రే ఫిల్ములు వచ్చినప్పుడల్లా ఒక్క మచ్చ కూడా లేదు. ఇన్‌స్పెక్టరు నా భుజం తట్టేవాడు. తట్టించుకునేవాణ్ణి.

చివరి రోజు రెక్క వెనక మూల మిగిలింది. మధ్యాహ్నం అవతల మలేసియాలోని జొహోర్ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. మెరుపుల సైరన్ మోగితే డెక్కు మీద అందరూ పని ఆపేయాలి. సైరన్ మోగేలోగా చివరి పొర లాగేయమని నేను తొందరపెట్టాను. "పక్కన ఆ దిమ్మ ఏలాడతన్నాది, దాన్ని దించమను ముందు," అన్నాడు మా బావ. డెక్కు మీద బిగించాల్సిన ఇనుప దిమ్మ ఒకటి గొలుసు కప్పీకి వేలాడుతోంది. దాన్ని దించాలంటే క్రేన్ మనిషిని పిలవాలి, అరగంట పోతుంది. "ఏటీ అవదులే బావా, కానీ," అని నేను ఆఫీసుకి వెళ్లాను, మర్నాటి పర్మిట్ల మీద సంతకాలకి. వెనక్కొచ్చేసరికి మూల దగ్గర పదిమంది మూగి ఉన్నారు. గొలుసు జారి దిమ్మ ఆయన ఎడమచేతి మీద పడింది. చూపుడు వేలూ మధ్య వేలూ రెండో గణుపు దాకా పోయాయి. అతుకు మాత్రం పూర్తయింది. నలభై ఏడు అని పంచ్ కూడా కొట్టే ఉంది.

ఎంక్వయిరీ ఆ సాయంత్రమే పెట్టారు. చల్లటి గది, బల్లకి అటు ముగ్గురు, ఇటు నేను. సేఫ్టీ ఆఫీసరు పర్మిట్ కాగితం నా ముందుకి తోశాడు. ఆ చోట పని చేస్తున్నది నలభై ఏడు, అంటే నువ్వు. ఇతని పేరు షెడ్డులో ఉంది. మరి ఇతను అక్కడెందుకున్నాడు?

నేనే పంపాను అనాలి. అంటే నంబరు ఇచ్చానని ఒప్పుకోవాలి. దొంగ నంబరు కొట్టించినవాడి వర్క్ పర్మిట్ ఆ వారంలోనే రద్దు చేసి విమానం ఎక్కిస్తారు. ఒకసారి కిందకి చూస్తే బల్ల మీద నా హెల్మెట్టు.

"నా అతుకు ముగించి నేను ఆఫీసుకి వెళ్లాను సార్. ఇతని సంగతి నాకు తెలీదు. చెప్పకుండా వచ్చినట్టున్నాడు," అన్నాను.

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో నాకే నమ్మకం కలగలేదు. ఇప్పటికీ పళ్లు తోముకునేటప్పుడు ఒక్కోసారి అది గుర్తొచ్చి నోట్లోది ఉమ్మేసి నిలబడిపోతాను.

మర్నాడు ఆసుపత్రికి వాళ్లతో పాటు నన్నూ తీసుకెళ్లారు. తెలుగు తెలిసిన తమిళతను నేనన్న మాట చదివి వినిపించి, నిజమేనా అని మా బావని అడిగాడు. ఆయన కట్టు కట్టిన చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని పడుకున్నాడు. మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ నన్ను చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"అవును. నానే సెప్పకుండా ఎల్లినాను. అతుకు సూద్దారని సరదా పడినాను. మా బావమరిదికి తెల్దు," అన్నాడు.

అప్పుడు నాకేమనిపించిందో చెప్పనా? హమ్మయ్య అనిపించింది. వేళ్లు పోయినవాడు మంచం మీద ఉంటే, వాడి దగ్గర పని నేర్చుకున్నవాడు హమ్మయ్య అనుకున్నాడు. నన్ను నేను చెప్పుతో కొట్టుకున్నా తీరదు.

వేళ్లకి ఇన్సూరెన్సు వాళ్లు ఇవ్వాల్సింది ఇచ్చారు. దాని గురించి మాకు పేచీ లేదు. పేచీ అంతా రిపోర్టులో ఒక్క వాక్యం గురించి. "పర్మిట్ లేని చోటికి తనంతట తాను వెళ్లాడు." ఆ వాక్యం ఉన్నవాణ్ణి మా యార్డే కాదు, ఏ యార్డూ తీసుకోదు. కుడి చెయ్యి శుభ్రంగా ఉంది. ఊరెళ్లి గాయం మానాక ఎడమ గ్లౌజు వేళ్లలో గుడ్డ కుక్కుకుని మళ్లీ వెల్డింగ్ మొదలెట్టాడు. వీడియో పంపాడు. గీత గీసినట్టుంది అతుకు. కింద వాయిస్ మెసేజీ. "సూసినావా? ఎనిమిదేళ్లతో పదేళ్ల పని. నన్ను మల్లీ రానిస్తే సాలు."

ఎనిమిది వేళ్లు అనబోయి ఏళ్లన్నాడు. మా ఊళ్లో రెండూ ఒకటే.

తరవాత ఫోన్లో సూటిగా అడిగాడు. "ఆ ముక్క ఒక్కటి తీయించీరా. నానే పంపినానని సెప్పు, సాలు. నీకేటి సేస్తారు? నువ్వంటే బాసుకి పేనం."

"సెప్తాను బావా. బార్జి ఇప్పుడే ఎల్లింది. బాస్ కస్టమరు గొడవలో ఉన్నాడు. ఆ రాకెట్టు దిగనీ. దిగాక కుషీగా ఉంటాడు కదా, అప్పుడు సెప్తాను."

"దిగాక సెప్తావు కదా?"

"దిగాక సెప్తాను."

అంతే, ఆ రోజు నుంచి మా బావకి వేరే ధ్యాస లేదు. రాకెట్ కంపెనీ వాళ్లకైనా అంత ఆత్రం ఉందో లేదో. ఏడో తరగతి చదివే మా మేనకోడలు ఫోనులో వార్తలు వెతికి చదివేది, ఆయన నాకు ఫోన్ చేసి చెప్పేవాడు. ఫలానా శుక్రవారం అంట. కాదు, వాల్వేదో కారతన్నాదట, వాయిదా. తరవాత వారం అంట. పైన గాలి ఎక్కువున్నాదట, వాయిదా. ఇంకోసారి గాలి బాగుంది గానీ బార్జి ఉన్న చోట అలలెక్కువట. ఒకసారి అయితే నలభై సెకన్లుందనగా ఆపేశారు. "ఈల్ల జిమ్మడిపోనూ, నలబై సెకన్లే కదా, కానిచ్చీయొచ్చు కదా!" అని ఫోన్లో మొత్తుకున్నాడు.

"అవును బావా, ఏటి మనుషులో," అని నేనూ తిట్టాను. తిట్టి, ఫోన్ పెట్టేసి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. వాయిదా పడ్డ ప్రతిసారీ నాకు పండగే. ఆ గాలికీ ఆ అలలకీ దండం పెట్టుకున్నాను. ఎక్కడో సముద్రం మీద వాతావరణం బాగుండకూడదని సింగపూరులో కూర్చుని కోరుకున్న వెల్డరు నేనొక్కణ్ణే అయుంటాను.

చివరికి ఒక బుధవారం ఎగిరింది. పైకి తీసుకెళ్లిన శాటిలైటు బ్రహ్మాండంగా కక్ష్యలోకి చేరింది. కింది ముక్క మా బార్జి మీద దిగింది, ఒక కాలు సరిగ్గా తెరుచుకోక పక్కకి ఒరిగి, పడి, భగ్గుమంది. శాటిలైటు చేరింది కాబట్టి వార్తల్లో విజయం అనే వేశారు. మా యార్డులో మాత్రం గుండెలు జారిపోయాయి. తప్పు డెక్కుదేమోనని కంపెనీ వాళ్లు అతుకులన్నిటికీ మళ్లీ ఎక్స్‌రే తీయించారు. ఏమీ లేదు. అంత మంట కాచినా ఒక్క పగులు లేదు.

మా బావ అడిగింది ఒక్కటే. "అతుకు ఊడలేదు కదా?"

"లేదు బావా."

"మరింకేటి? సెప్పీ."

"కూలిపోయింది కదా. ఇప్పుడు బాస్ చిరాగ్గా ఉన్నాడు. మల్లీసారి నిలబడితే సెప్తాను."

ఫోన్లో అవతల ఎవరో కంచం కడుగుతున్న చప్పుడు వినిపించింది. "సరే. నిలబడతాదిలే," అన్నాడు.

అక్క ఫోన్ లాక్కుంది. "ఒరే, నీకు సెప్పడం ఇష్టం లేకపోతే లేదను. ఆయన వేరే దారి సూసుకుంటాడు. పిల్లలికి బెల్లం సూపించినట్టు రోజూ ఈ ఆటేటి?"

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీద రావాల్సిన కోపం ఎవరి మీద వచ్చిందో చూడండి. "నన్నంత మాటంటావా అక్కా? నీ మొగుణ్ణి సింగపూరు తెచ్చింది ఎవరు?" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అక్క ఫోన్ ఆయనకిచ్చేసింది.

రెండో రాకెట్టుకి ఆరు నెలలు పట్టింది. ఈలోగా విశాఖలో ఒక ఏజెంటు మా బావకి దొరికాడు. వేరే యార్డుకి వెల్డర్లని తీసుకుంటున్నారు, చెయ్యి చూసి ఒప్పుకున్నాడు. మా యార్డు నుంచి ఆ వాక్యం తీసేశామని ఉత్తరం ఒకటి తెమ్మన్నాడు, నెలాఖరులోగా. వయసు నలభై ఆరు, ఈసారి తప్పితే ఇంకెవరూ తీసుకోరని కూడా చెప్పాడట. రాకెట్టు తేదీ నెలాఖరుకి తొమ్మిది రోజుల ముందు పడింది. మా బావ దాన్ని దేవుడు రాసిన తేదీ అన్నాడు.

ఆ రోజు ఆదివారం. మా టైము పొద్దున్న పదిన్నరకి ఎగరాలి. బాస్ క్యాంటీన్లో పెద్ద తెర కట్టించాడు, అందరికీ బిర్యానీ చెప్పాడు. సెలవు రోజున లిటిల్ ఇండియా మానుకుని రెండొందల మంది వచ్చారంటే బిర్యానీకే వచ్చారు, రాకెట్టుకి కాదు. నేను లారీలో వస్తూ దారంతా మూడు వాక్యాలు బట్టీ పట్టాను. బాస్, దట్ జాయింట్ నాట్ మై వెల్డింగ్. మై బ్రదర్ ఇన్ లా వెల్డ్. ఐ సెండ్ హిమ్. రాత్రి అద్దం ముందు కూడా అన్నాను. తప్పుల్లేకుండా వచ్చాయి. నిజంగా చెప్పాలనే అనుకున్నాను. నమ్మితే నమ్మండి.

పది దాటాక మా బావ వీడియో కాల్ చేశాడు. తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు. పక్కన మేనకోడలు.

"కాల్ కట్ సేయకు. జేబులో ఎట్టీ. నువ్వు బాసుతో సెప్పినప్పుడు నానింటాను, అంతే."

"సరే బావా."

చొక్కా జేబులో కెమెరా బయటకి కనపడేలా పెట్టాను.

ఎగిరింది. పొగ, మంట, అందరూ ఓ అని అరుపు. కాసేపటికి పై ముక్క శాటిలైటుతో విడిపోయి తన దారిన పోయింది, కింది ముక్క తిరుగుముఖం పట్టింది. తెర మీద ఒక పక్క బార్జి కనిపించింది. సముద్రంలో ఎంత చిన్నదిగా ఉందో. అంత చిన్న డెక్కు మీద మేమంతా నెలల తరబడి ఎండకి మాడామా అనిపించింది. బూస్టరు దగ్గరకొస్తుండగా బొమ్మ ఆగిపోయింది. ఆ ఊపుకి సిగ్నలు పోతుందట. క్యాంటీన్లో వడ్డించేవాడి చేతిలో గరిటె కూడా ఆగింది.

బొమ్మ తిరిగొచ్చింది. పొగలో నిటారుగా నిలబడి ఉంది. ఒక కాలు ఎడమ రెక్క మీద, వెనక మూల దగ్గర.

జేబులోంచి కేక వినిపించింది. "నా మూలేరా! నా మూల! సూడే అమ్మా, అదే నాది!"

రెండొందల మంది బల్లలు గుద్దుతున్నారు కాబట్టి ఆ కేక నాకొక్కడికే వినిపించింది. బంగ్లా వాడొకడు నన్ను ఎత్తేశాడు. నా కళ్లలో నీళ్లొచ్చాయి, అవి ఎందుకొచ్చాయో నాకు తెలుసు.

బాస్ మైకు పట్టుకున్నాడు. కస్టమరు నుంచి మెయిలొచ్చిందన్నాడు. తన చేతిలో కాగితం చూసి చదివాడు. లెఫ్ట్ వింగ్ జాయింట్, రెండుసార్లు ఎక్స్‌రే, జీరో రిపేర్. నంబర్ ఫోర్టీ సెవెన్. "హూ ఈజ్ ఫోర్టీ సెవెన్? అవర్ అంకుల్ లా!" అని నన్ను చేత్తో పిలిచాడు. ఈల వేశారు కుర్రాళ్లు. డెక్కు ఫొటో ఒకటి ఫ్రేము కట్టించి నా చేతిలో పెట్టాడు. ఆయన పక్కనే సేఫ్టీ ఆఫీసరున్నాడు, ఆ వాక్యం రాసిన మనిషి. ఆయనా చప్పట్లు కొడుతున్నాడు.

"అంకుల్, సే సమ్‌థింగ్."

మైకు నా నోటి ముందుంది. జేబులో మా బావ ఉన్నాడు. అందరూ చప్పుడాపారు. అంతకన్నా మంచి సమయం నా జన్మలో మళ్లీ రాదని అప్పుడే తెలుసు.

"బాస్, దట్ జాయింట్..." అన్నాను.

బాస్ నవ్వుతూ తలాడించాడు. నా హెల్మెట్టు రంగువాళ్లు నలుగురు ముందు వరసలో ఉన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు, ముచ్చటగా చూస్తున్నారు. నన్ను అలా ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"దట్ జాయింట్ వెరీ డిఫికల్ట్ జాయింట్. ఆల్ టీమ్ వర్క్ హార్డ్. సేఫ్టీ ఫస్ట్. థాంక్యూ బాస్."

క్యాంటీన్ దద్దరిల్లింది. సేఫ్టీ ఆఫీసరు ముందుకొచ్చి నాకు చెయ్యిచ్చాడు. పట్టుకుని ఊపాను, నవ్వాను, ఫొటోకి నిలబడ్డాను. తరవాత చేతులు కడిగే చోటికి వెళ్లి జేబులోంచి ఫోన్ తీశాను. కాల్ ఇంకా ఉంది. మా బావా, మేనకోడలూ తెర నిండా ఉన్నారు.

"మావా, నాన్న పేరు సెప్పలేదేటి?" అంది పిల్ల.

మా బావే అందుకున్నాడు.

"సెప్పినాడే. నువ్వు సరిగ్గా ఇన్లేదు. టీమంటే నానే కదా మరి."

"నాకు ఇంగ్లీసొచ్చు నాన్నా."

ఆయన పిల్ల తల మీద చెయ్యేశాడు, ఆ ఎడమ చెయ్యే. దాన్ని పక్కకి పంపాడు. అక్క తెర మీదకి రాలేదు, కానీ ఆ గదిలోనే ఉందని నాకు తెలుసు. నేను "బావా, ఇప్పుడు జనం ఉన్నారు, రేపు ఆఫీసులో..." అని మొదలెట్టాను.

"వొద్దురా," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, కోపమైనా బాగుండేది. "ఇంకేటీ సెప్పకు. ఆసుపత్రిలో నాను సెప్పిన మాటే నిజమని ఉండనీ. ఎల్లి తిను. బిర్యానీ సల్లారిపోతాది."

ఫోన్ పెట్టేశాడు. నేను వెళ్లి లైన్లో నిలబడ్డాను. ఆకలి దంచేస్తోంది. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.